ఆలస్యానికి సంజాయిషీ

వెయ్యిన్నీ నూట ఇరవై ఏడు రోజులు ఆలస్యమట.
ఒక్కో రోజుకీ కారణం రాయాలట.
రాజమండ్రిలో జిరాక్సు కొట్టు మేడమీద
లాయరమ్మ అహల్యగారు తెల్లకాగితం తీసి
"చెప్పు పల్లాలమ్మా, ఖాళీ వదలకు" అంది.

అమరావతిలో మొన్న మా దరఖాస్తు కొట్టేశారు.
మీ కారణాలు మరీ పొడిపొడిగా ఉన్నాయన్నారట.
మా లంకలో పొడిగా ఏముంటుందండీ,
చూరులో దాచిన అగ్గిపెట్టె తప్ప?

ఇప్పుడింక ఢిల్లీ. తొంభై రోజుల గడువు,
ముప్పై ఒకటి అప్పుడే అయిపోయాయి.

రాసుకోండి.
మొదటి రెండొందల రోజులూ మేం ఊరికే కూచోలేదు,
ఎదురు చూశాం.
తమ్ముడు జైల్లో అప్పీలు కాగితం మీద వేలిముద్ర వేశాడు,
అది పైకి వెళ్ళిందనుకున్నాడు.
సొరుగులోంచి కదల్లేదని తర్వాత తెలిసింది.
రుజువేదీ అంటే ఏం చెప్పను,
సొరుగు బోనెక్కి సాక్ష్యం చెబుతుందా?

ఆ తర్వాత ఎర్రనీళ్ళు.
ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక అన్నారు, పంటు కట్టేశారు.
పంటు ఆగితే మాకు కోర్టూ లేదు, కలెక్టరూ లేడు,
గట్టు మీద మేమూ, మా మేకలూ.
పదహారు రోజులు.
నీళ్ళు తీశాక ట్రంకుపెట్టె తెరిస్తే
కేసు కట్ట నానబెట్టిన అటుకుల్లా ఉంది.
ఒక్కో కాగితం విడదీసి వల మీద ఆరేశాను.
సాక్షుల మాటలు ఒకదాని మీదొకటి అచ్చుపడ్డాయి.
ఎవరేమన్నారో ఇప్పుడు గోదారికే తెలుసు.

మళ్ళీ కాపీకి అర్జీ పెట్టిన రోజు ఒకటి.
"రేపు రా" అన్న రోజులు అరవై రెండు.
రేపు రా అన్నాయన రిటైరైన రోజు ఒకటి.
ఆ రోజు ఆఫీసంతా పూతరేకులు పంచారు,
నాకూ ఒకటిచ్చారు, తిన్నాను.
అదీ రాయాలా? రాయండి.

వేలిముద్ర పడని రోజులు నాలుగు.
రొయ్యల షెడ్డులో పదేళ్ళు తలలు తీశాను.
ఐసు నా వేళ్ళ గీతలు తినేసింది.
నోటరీ కుర్రాడు నా బొటనవేలు తుడిచి, నొక్కి,
మళ్ళీ తుడిచి, చివరికి
"నువ్వు నువ్వేనని ఎవరైనా చెప్పాలమ్మా" అన్నాడు.
కింద టీ కొట్టు కొల్లాటి దావీదుని పిలుచుకొచ్చాను,
అతను నన్ను చూడ్డం అదే మొదలు.
నువ్వు పల్లాలమ్మవే, ఒట్టు, అన్నాడు.

ఇంకొన్ని రోజులున్నాయి,
అవి మీరు రాయకపోయినా చెప్పాలి.
మా మరిది కూతురు పుష్పవతైన వారం
వాడు గుర్తు రాలేదు.
పులిహోర కలిపాను, పాటలు పాడాను,
ఫొటోలో పళ్ళన్నీ కనబడేలా నవ్వాను.
ఏడు రోజులు.
వాటికి కారణం లేదు.

లాయరమ్మ కలం ఆపింది.
"ఇది కోర్టుకి అక్కర్లేదు" అంది మెల్లిగా.

ఒక మాట అడగండి మీరైనా.
పద్నాలుగేళ్ళలో ఎన్ని ములాఖత్‌లో,
జాలీ కిటికీ ఇటువైపు నేను, అటువైపు వాడు,
పచ్చడి గురించి, పంటి పోటు గురించి,
గట్టు ఎంత కోసుకుపోయిందో దాని గురించి మాట్లాడుకున్నాం.
ఆ రాత్రి నువ్వే చేశావా అని
నేనెప్పుడూ అడగలేదు.
వాడూ చెప్పలేదు.
ఆ ఆలస్యం ఎవరు మన్నిస్తారు,
దానికే కోర్టులో పెట్టాలి?

కిందికి చూస్తే ఎండ వాలిపోయింది.
ఆఖరి పంటు ఆరున్నరకి.
సగం రోజులైనా కాలేదు ఇంకా.
చీరకొంగులో చిల్లర లెక్కెట్టుకుని లేచాను,
మెట్ల దగ్గర నా నోటివెంట వచ్చేసింది,
"మిగతావి రేపు వచ్చి చెబుతానమ్మా."

ఆవిడ తలెత్తి చూసింది.
నేనూ ఆగాను.
చెప్పులు విడిచి మళ్ళీ లోపలికెళ్ళి
బల్ల మీద కూచున్నాను.

రాసుకోండి.
మూడొందల ముప్పై ఐదో రోజు.
వాన లేదు. పని లేదు. ఒంట్లో బానే ఉంది.
బస్సు డబ్బులు లేవు.